టచింగమ్మ చెరిపిన మచ్చ

ఆమె అసలు పేరు ఆ వీధిలో ముగ్గురికో నలుగురికో తెలుసేమో. మిగతా అందరికీ ఆమె టచింగమ్మే.

వీధి మలుపులో ఫొటో స్టూడియో ఉన్న రోజుల్లో ముందు గదిలో భర్త ఫొటోలు తీసేవాడు. వెనక గదిలో ఏటవాలు బల్ల ముందు కూర్చుని ఆమె నెగటివ్‌లు దిద్దేది. నెగటివ్ మీద పలచగా జిగురు మందు రుద్ది, సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో, కంటికి భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కొక్క చుక్కే వేసేది. ఆ పనినే స్టూడియోవాళ్లు టచింగ్ అంటారు. మొటిమలు, మశూచి గుంటలు, కళ్ల కింద చారలు, నుదుటి ముడతలు ఆ పెన్సిల్ కిందకి వస్తే మటుమాయం. ఒక ముసలాయన తన ఫొటో తనే చూసుకుని, "ఈ కుర్రాడెవరో గానీ ఎక్కడో చూసినట్టుందే" అని పగలబడి నవ్వాడు. "మొహం ఇచ్చింది దేవుడు, దానికి మెరుగు పెట్టింది మా ఆవిడ" అని భర్త వచ్చినవాళ్లందరి దగ్గరా గొప్పలు పోయేవాడు.

కాలం ఎల్లకాలం ఒకేలా ఉంటుందా? మొదట టచింగ్ పోయింది, తర్వాత రీలు పోయింది, చివరికి స్టూడియోకి వచ్చే మనుషులే పోయారు. షట్టర్ దించేసిన రోజున భర్త ముప్పై ఏళ్ల నెగటివ్‌లన్నీ గోనె సంచుల్లో కుక్కి, వాటిలోంచి వెండి తీసే మనిషికి తూకానికి వేసేశాడు. "ఎవరి మొహాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి కదా, మనకెందుకు ఈ బరువు" అన్నాడు. మరుసటేడు ఆయనా పోయాడు. ఆమెకి మిగిలినవి ఒకటిన్నర గది, ఆ ఏటవాలు బల్ల, ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్, ఇక ఎవరికీ అక్కర్లేని పనితనం.

అదే వీధిలో దర్జీ దుకాణం మీది మేడ గదుల్లో స్టాంపుల మాస్టారు ఉండేవాడు. భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చిన్నప్పటినుంచి పోగుచేసిన పాత స్టాంపులు గోడ పొడుగునా ఆల్బమ్‌లలో పేర్చి ఉండేవి. మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేక, ఇంట్లో కూర్చునే వాటిని ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాడు. చిక్కల్లా చేతి వణుకుతోనే వచ్చింది. ఆయన తీసిన ఫొటోల్లో స్టాంపు మీది రాణిగారికి రెండు ముక్కులు కనిపించేవి. దర్జీ చేత కబురు పంపితే టచింగమ్మ మెట్లెక్కి వచ్చింది.

"నాకు ఫొటోలు తీయడం రాదు మాస్టారూ. తీసింది ఆయన. నేను దిద్దేదాన్ని" అంది, గుమ్మంలోనే నిలబడి.

"నాకు దిద్దేవాళ్లే కావాలమ్మా. దిద్దేవాళ్లకి చూడటం వస్తుంది" అన్నాడాయన.

స్టూడియో మూతపడ్డాక తన చేతిపని గురించి అంత మంచిమాట ఆమె వినలేదు. మర్నాడే ఎన్‌లార్జర్ మోయించుకొచ్చింది. దాని తల విప్పేసి, నిలువు కమ్మీకి మాస్టారి కెమెరాని నేలచూపు చూసేలా బిగించింది. కింద పలకమీద చిన్న అద్దం ముక్క పెట్టి, కెమెరా కన్ను ఆ అద్దంలో సరిగ్గా నడిమధ్యన కనిపించేదాకా మరలు తిప్పింది. అలా కనిపిస్తే కెమెరా వంకర లేకుండా ఉన్నట్టు. అద్దం తీసి నల్ల అట్ట పరిచింది. నల్లటి అట్టమీద పెడితే స్టాంపు అంచు పళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. చెరో పక్కా ఒక దీపం, వాటి ముందు పలచటి కాగితం. స్టాంపుని వేళ్లతో ముట్టకూడదు, పట్టకారుతోనే. మాస్టారు కుర్చీలోంచి చూస్తూ, "నేను ఆరు నెలలు కుస్తీ పట్టినది ఒక్క పూటలో తేల్చేశారు" అన్నాడు.

వారం తిరక్కుండానే తగువొచ్చింది. ఒక నీలం స్టాంపుకి కింది మూల సన్నటి మడత ఉంది. ఆమె దీపాన్ని అటూ ఇటూ జరిపి, మడత వెలుగులో కరిగిపోయిన చోట ఆపి ఫొటో తీసింది. కావాలని చేసింది కాదు, అలవాటున చెయ్యి చేసేసింది. కొన్నవాడు ఎక్కడో సముద్రాల అవతలి మనిషి. స్టాంపు తిప్పి పంపుతూ ఒకే ముక్క రాశాడు: "ఫొటోలో లేని మడత చేతికొచ్చింది."

మాస్టారు కోప్పడలేదు. ఆ స్టాంపుని ఆమె ముందు పెట్టి, "మీరు దీన్ని ముస్తాబు చేశారమ్మా. నాకు ముస్తాబు వద్దు, సాక్ష్యం కావాలి. మడత ఉంటే మడత చూపించండి. పన్ను విరిగితే విరిగిన పన్ను చూపించండి. వెనక ఎవరో అతికించి పీకిన కాగితం ముక్క ఉంటే అదీ చూపించండి. చూసి కొనుక్కునేవాడు కొనుక్కుంటాడు" అన్నాడు.

"లోపం చూపిస్తే ఎవరు తీసుకుంటారు మాస్టారూ?"

"తీసుకునేవాళ్లుంటారు. మీరు నమ్మరు గానీ, ఉంటారు."

ఆమెకి నిజంగానే నమ్మకం కుదరలేదు. అయినా ఆయన చెప్పినట్టే చేసింది. రెండు దీపాలతో ఒక ఫొటో, తర్వాత ఒక దీపం ఆర్పి, రెండోదాన్ని పలక మట్టానికి దించి ఇంకో ఫొటో. అలా పక్కవాటంగా పడే వెలుగులో మడతలు గట్ల మాదిరిగా లేచి నిలబడేవి. వెనకవైపు జిగురు ఎక్కడ ఉందో ఎక్కడ పోయిందో తెలిసేది. పాత కాగితాన్ని తెల్లగా కనిపించేలా చేయడం మానేసింది. పాత కాగితం తెల్లగా ఉండదు కదా! మొదట్లో ఒక్కో మరకా తీస్తుంటే నలుగురిలో ఎవరినో వేలెత్తి చూపించినట్టు ఒళ్లు ముడుచుకునేది. నెలలు గడిచేసరికి అదీ పోయింది. ఆశ్చర్యం ఏమిటంటే, మాస్టారు అన్నట్టే ఆ మడతల స్టాంపులు కూడా ఒక్కొక్కటే కవర్లెక్కి వెళ్లిపోయేవి.

ఈ పనిలో పడి ఏడాదిన్నర అయ్యాక, ఒక సెలవురోజు మధ్యాహ్నం మనవరాలు వచ్చింది. కూతురి కూతురు. ఇరవై మూడేళ్లు. మందుల దుకాణంలో ఉద్యోగం. ఏడాదికోసారి వచ్చి, అరగంట కూర్చుని, టీ తాగి వెళ్లే పిల్ల. ఆ రోజు టీ ముట్టలేదు. సంచిలోంచి పసుపురంగుకి తిరిగిన కాగితం తీసి బల్లమీద పెట్టింది.

"అమ్మమ్మా, నాన్న పాత పెట్టె సర్దుతుంటే దొరికింది. అమ్మ ఆసుపత్రి కాగితం. ఇక్కడ చూడు. గుర్తింపు చిహ్నం, ఎడమ దవడ మీద నల్ల మచ్చ. అమ్మకి మచ్చ ఉండేదా?"

"ఉండేది."

"మరి ఏ ఫొటోలోనూ లేదే! నువ్విచ్చిన ఫొటోలు తొమ్మిది ఉన్నాయి మా ఇంట్లో. తొమ్మిదింటిలోనూ లేదు."

టచింగమ్మ కాగితం మీది ఆ వరసని వేలితో తడిమింది.

"ఎలా ఉండేది అమ్మమ్మా? ఎంతుండేది?"

ఆమె చెయ్యెత్తి తన చెంపమీదే చూపించింది. చెవి కిందనుంచి గడ్డం దాకా అరచెయ్యంతా ఆనింది. మనవరాలు ఆ చేతి వైపు చాలాసేపు చూసింది. "నాన్నని అడిగితే చెప్పడు. ఒక్క ఫొటో, మచ్చతో ఉన్నది ఉంటే ఇస్తావా? నాకు అమ్మ మొహం తెలియదు. తొమ్మిది ఫొటోలు పెట్టుకుని కూడా తెలియదు" అని, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ పిల్లకి తెలియని కథ ఇది. కూతురు పుట్టుకతోనే ఆ మచ్చతో పుట్టింది. మొదటి ఏడు నిండినప్పుడు తీసిన ఫొటో నుంచే తల్లి పెన్సిల్ దాన్ని చెరిపేస్తూ వచ్చింది. పగతో చేయలేదు, ప్రేమతోనే చేసింది. ప్రేమకి ఒక్కోసారి చేతులు మొరటుగా ఉంటాయి. పిల్ల చిన్నప్పుడు ఫొటో చూసి, "ఇందులో నా మచ్చ ఎక్కడికి పోయిందమ్మా?" అంటే, "ఆడుకోవడానికి పోయిందిలే" అనేది. పెద్దయ్యాక పిల్ల అడగడం మానేసింది.

పందొమ్మిదో ఏట నర్సు శిక్షణకి దరఖాస్తు పెట్టుకుంది. ఫొటో స్టూడియోలోనే తీశారు, అలవాటు ప్రకారం తల్లి దిద్దింది. ఇంటర్వ్యూ రోజున బల్ల వెనక కూర్చున్న అధికారి ఫొటో చూసి, మొహం చూసి, మళ్లీ ఫొటో చూసి, "ఇది నీ ఫొటో కాదే" అన్నాడు. గదిలో నలభై మంది ఆడపిల్లలు. "నాదేనండి" అంది. "మరి ఆ మచ్చ నిన్న రాత్రి మొలిచిందా?" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. సాయంత్రంలోగా వేరే ఫొటో తెమ్మన్నారు. ఆ పిల్ల ఏ స్టూడియో మెట్లూ ఎక్కలేదు, తిన్నగా నడిచి ఇంటికొచ్చి ఫొటోని తల్లి బల్లమీద పెట్టింది. "అమ్మా, నేను నీక్కూడా నచ్చలేదు కదా" అని, తల్లి ఏదో అనబోతుంటే ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కూతురు కెమెరా ముందు నిలబడలేదు. బట్టల దుకాణంలో మూటలు కట్టే పనికి కుదిరింది. అక్కడే సరుకుల వ్యాను నడిపే అతన్ని పెళ్లి చేసుకుంది. పెళ్లిలో ఎవరో కెమెరా ఎత్తితే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాప పుట్టిన రెండేళ్లకి తనకి కామెర్లు వచ్చి, ముదిరి, పదకొండు రోజుల్లో పోయింది. పేపర్లో ప్రకటనకి ఫొటో కావాలంటే టచింగమ్మ తన దగ్గరున్న వాటిలో మంచిది ఏరి పంపింది. అల్లుడు దాన్ని తెచ్చినవాడి చేతే తిప్పి పంపాడు. "ఇదెవరు?" అని అడగమన్నాడట. ప్రకటన ఫొటో లేకుండానే పడింది. ఇరవై ఒక్క ఏళ్లుగా అత్తా అల్లుళ్ల మధ్య మాటల్లేవు.

మనవరాలు వచ్చి వెళ్లిన నాలుగైదు రోజులకి, మాస్టారు ఒక ఎర్ర స్టాంపుని పట్టకారుతో పట్టుకుని పిలిచాడు. "దీనిమీద నాకు అనుమానంగా ఉంది. మరీ బాగుంది." చిన్న నల్ల పళ్లెంలో స్టాంపుని బోర్లించి, లైటర్లలో పోసే పెట్రోలు నాలుగు చుక్కలు వేశాడు. తడి పాకగానే నడిమధ్య ఒక గీత నల్లగా తేలింది. ఎవరో చిరుగుని అతికి, పైన రంగు దిద్దారు. "ఎంత పనిమంతుడో! అయినా అడుగున అసలుది అలాగే ఉంటుందమ్మా. దిద్దుబాటు పైపైనే" అన్నాడు మాస్టారు, స్టాంపు గురించే.

ఆమె మాత్రం తన నెగటివ్‌ల గురించి ఆలోచించింది. నిజమే కదా. టచింగ్ తప్పు పోతే టర్పెంటైన్‌లో ముంచిన దూదితో తుడిచి మళ్లీ వేసేవాళ్లు. పెన్సిల్ గీత జిగురుతో సహా లేచిపోయేది, కింద నెగటివ్‌కి ఏమీ అయ్యేది కాదు. ఎన్నిసార్లు చేయలేదు! కాకపోతే నెగటివ్‌లు ఏవి? అన్నీ గోనె సంచుల్లో పోయాయి కదా.

ఒక్కటి మాత్రం పోలేదు. నర్సు దరఖాస్తుకి తీసిన నెగటివ్‌ని ఆ గొడవ తర్వాత ఎవరి కంటా పడకూడదని ఆమే బల్ల అడుగు సొరుగులో, అరిగిన పెన్సిళ్ల కింద తోసేసింది. ఇంటికి వెళ్లి సొరుగు లాగితే సగంలో ఇరుక్కుంది. కిందకూర్చుని రెండు చేతులతో ఊపి లాగింది. కవరు అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున్నే కిటికీ తలుపులు బార్లా తెరిచి పెట్టుకుంది. నెగటివ్‌ని వెలుగు వైపు పట్టి వంచితే ఎడమ చెంపమీద పెన్సిల్ పొర సీసంలా మెరిసింది. దూదిని టర్పెంటైన్‌లో ముంచి, పిండి, ఆ మెరుపు మీద మెల్లగా రాసింది. దూది బూడిదరంగుకి తిరిగింది. ఇంకో దూది, ఇంకోటి. కళ్ల చుట్టూ కూడా మెరుపుంది. అక్కడ కూడా దిద్దినట్టు ఆమెకి గుర్తులేదు. అదీ తుడిచింది.

ఆరిన నెగటివ్‌ని మాస్టారి మేడకి తీసుకెళ్లి, అడుగున దీపం వెలిగే తెల్లటి గాజు పలకమీద పెట్టి, స్టాంపులు తీసే కెమెరాతోనే తీసింది. అద్దం పెట్టి వంకర చూసుకోవడం మాత్రం మరిచిపోలేదు. మాస్టారు కంప్యూటర్లో నలుపుని తెలుపు, తెలుపుని నలుపు చేసేసరికి తెరమీద పందొమ్మిదేళ్ల పిల్ల తేలింది. ఎడమ దవడ మీద మచ్చ ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కెమెరా ముందుకి వచ్చేముందు బాగా ఏడ్చిన కళ్లు.

"ఎవరమ్మా?" అన్నాడు మాస్టారు.

"మా అమ్మాయండీ" అంది. అని, కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి తడుముకుంది. ఆయన వణికే చేత్తోనే కుర్చీ జరిపి, కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

ఫొటో అచ్చు వేయించి కబురు చేస్తే మనవరాలు పని ముగించుకుని వచ్చింది. కవరులోంచి తీసి రెండు చేతులతో పట్టుకుంది. చూసి, "ఇంతేనా అమ్మమ్మా?" అంది.

అంతే. ఆ మచ్చ చింతగింజంత కూడా లేదు. అరచెయ్యంతా పరిచి చూపించిన మచ్చ అది. ఇన్నేళ్లూ ఆమె తలలో అది పెరుగుతూనే ఉంది కాబోలు.

"దీని కోసమా?" అని మళ్లీ అడిగింది పిల్ల. కోపంగా అనలేదు. కోపంగా అడిగి ఉంటే టచింగమ్మకి ఏదో ఒక జవాబు దొరికేదేమో. ఆ పిల్ల ఫొటోని ఛాతీకి ఆనించుకుని గుమ్మం దాటి వెళ్లిపోయింది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పది రోజుల తర్వాత మాస్టారింట్లో పనిలో ఉండగా ఫోను మోగింది. కొత్త నంబరు.

"అత్తయ్యా, నేను."

పట్టకారు చేతిలోనే ఉండిపోయింది. "చెప్పు బాబూ."

"అమ్మాయి ఫొటో తెచ్చి గోడకి పెట్టింది. చూశాను." "ఒక్కటడుగుతాను. ఆ రోజు ఎందుకేడ్చింది?"

తెలియదని చెప్పొచ్చు. ముప్పై ఏళ్ల నాటి మాట, గుర్తులేదన్నా ఎవరూ తప్పుపట్టరు. ఆమె పట్టకారుని బల్లమీద పెట్టింది.

"నేనే ఏడిపించాను బాబూ. ఈ ఒక్కసారికి మచ్చ ఉంచెయ్యమ్మా, అక్కడికెళ్లి నిలబడాల్సింది నేను కదా అంది. ఆ మొహం చూస్తే ఎవరిస్తారే సీటు అన్నాను. ఏడ్చింది. మొహం కడుక్కుని రా పో అన్నాను. కళ్లు ఉబ్బితే అవి కూడా దిద్దేశాను."

అల్లుడు అన్నాడు: "నాకు తెలుసు. అది బతికుండగానే చెప్పింది. మీరు చెబుతారో లేదో అని అడిగాను."

"ఏమని చెప్పింది బాబూ?"

"అంతే. మీరు చెప్పినట్టే."

ఆదివారం అతను వచ్చాడు. తలుపు తీస్తే జుట్టంతా రాలిపోయిన, భుజాలు వంగిన మనిషి. వేల మొహాలు భూతద్దంలో చూసిన ఆమె, "ఎవరు కావాలి బాబూ?" అని అడిగింది. "నేనే అత్తయ్యా" అంటే సిగ్గుతో చచ్చిపోయింది. లోపలికొచ్చి కూర్చున్నాడు. టీ ఇస్తే తాగాడు. గోడమీద గడియారం ఆగిపోయి ఉంటే దించి, కొత్త బ్యాటరీ తెచ్చి వేసి, మళ్లీ తగిలించాడు. వెళ్లేముందు తనకొక ఫొటో కావాలన్నాడు, వ్యానులో పెట్టుకోవడానికి చిన్న సైజుది. ఇచ్చింది.

ఇప్పుడు నెలకోసారి వస్తాడు. మాస్టారి ఆల్బమ్‌లు చాలావరకు ఖాళీ అయ్యాయి, ఆమె పని వారానికి రెండు రోజులకి తగ్గింది. అత్తా అల్లుళ్లిద్దరూ కూర్చుని ఎండల గురించి, వ్యాను రిపేరు గురించి, పిల్ల ఉద్యోగం గురించి మాట్లాడుకుంటారు. చనిపోయినదాని గురించి ఇద్దరూ మాట్లాడాలనే కూర్చుంటారు. ఒకరు మొదలుపెడతారు, రెండోవారు కప్పులు తీయడానికి లేస్తారు.